కొలిమి మీది వెలుతురు రేకు

పోయిన నెల మహబూబాబాద్ నుంచి ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. నేను జనగామలో మా ఇంటి వెనక గదిలో చిన్న కరెంటు కొలిమి పెట్టుకుని కత్తిపీటలకూ, కూరగాయల కత్తులకూ ఉక్కు పట్టీలు తయారు చేస్తానని అతనికి ఎవరో చెప్పారట. తను కూడా ఇంట్లో సొంతంగా ఒక కత్తి చేసుకున్నాడు. లారీ కమాను పట్టీ, నాలుగు ఇటుకల పొయ్యి, బొగ్గులు, గాలికి ఒక పాత ఫ్యాను. అంతా బాగానే కుదిరింది. కాల్చి నూనెలో ముంచి తీశాక చేయి జారి కింద పడితే కత్తి రెండు ముక్కలైంది.

"సుద్దముక్క ఇరిగినట్టు ఇరిగిందక్కా. మంచి ఎర్రగ కాలినంకనే ముంచిన. ఉక్కే కరాబుదనుకుంట," అన్నాడు.

విరిగిన చోటు దగ్గరగా ఫోటో తీసి పంపమన్నాను. పంపాడు. దొడ్డుప్పు గల్లుల్లాగా తళతళ మెరుస్తోంది.

"ఏడ కాల్చినవు తమ్మీ?"

"మా స్లాబు మీదక్కా. కింద పొగ అయితదని."

"ఎప్పుడు?"

"పగలు పదకొండు గొట్టంగ. ఎందుకు?"

నాకు నవ్వొచ్చింది. అతని ఉక్కు మంచిదే. రెండో కత్తి చీకటి గదిలో కాల్చమన్నాను. పాడైపోయిన స్పీకరులోని అయస్కాంతాన్ని తీగకు కట్టుకోమన్నాను. ఉక్కు దాదాపు ఏడువందల డెబ్బై డిగ్రీలు దాటితే అయస్కాంతం దాన్ని పట్టదు. కాలే ఉక్కు మీద చిటికెడు ఉప్పు వేస్తే ఎనిమిది వందల దగ్గర కరిగి నీళ్లవుతుంది. కమాను పట్టీకి అక్కడి నుంచి ఇంకో ముప్పై, నలభై డిగ్రీలు చాలు. అక్కడ ఆగాలి. ఆగడమే ఈ పనిలో సగం. అతను అన్నీ రాసుకుని, "ఏ కాలేజీల చదివినవక్కా?" అని అడిగాడు. ఏడో తరగతి అని చెప్పాను. నమ్మలేదు.

ఫోన్ పెట్టేశాను. ముక్కుకు ఆముదం పూసిన తోలు వాసన వచ్చింది. ఇప్పుడు మా ఇంట్లో తోలు తిత్తి లేదు. ఆ వాసన రావడానికి కారణం కూడా లేదు.

మా ఊరు రేగొండ దాటి లోపలికి పోతే వస్తుంది. ఊరి చివర మా కొలిమి. తాటాకుల కప్పు నడుము ఎత్తు దాకా దిగి ఉండేది, పెద్దవాళ్లు వంగి లోపలికి రావాలి. మిట్టమధ్యాహ్నం కూడా లోపల మనిషి మొహం కనపడేది కాదు, పళ్లు మాత్రం కనపడేవి. మా బాపు పట్టకారు పట్టేవాడు. మా అమ్మ సమ్మెట వేసేది. చీర కొంగు నడుముకు బిగించి, కాళ్లు ఎడంగా పెట్టి, అమ్మ సమ్మెట ఎత్తితే ఎంత పెద్ద రైతైనా రెండడుగులు వెనక్కి జరిగేవాడు. తిత్తి నాది. దూలానికి వేలాడే తాడు గుంజితే తిత్తి నిండేది, వదిలితే బుస్సుమని నిప్పుల్లోకి గాలి పోయేది. దానికి నెలకోసారి ఆముదం పూసేవాళ్లం. తుమ్మబొగ్గు పొగ, తడి బూడిద, ఆముదం, అమ్మ చెమట. మా ఇంటి అన్నంలో కూడా ఆ వాసన ఉండేది.

బాపు దగ్గర థర్మామీటరు లేదు. రంగులే ఆయన డిగ్రీలు. ఉక్కు మొదట ఎండుమిరప రంగుకు వస్తుంది, అది చాలదు. తర్వాత పండుమిరప. అప్పుడు తీసి కొడవలి అంచు ఒక్కటే రాతి తొట్టిలోని నీళ్లలో ముంచాలి. ఇంకా ఉంచితే నారింజకు తిరిగి మోదుగుపువ్వు.

"మోదుగుపువ్వు సూడనీకె మంచిగుంటది బిడ్డా," అనేవాడు. "గని కొడవలికి గది సావు. పండుమిర్పకాయ కాడ్నే గుంజాలె."

నాకు చిన్నప్పటి నుంచి లెక్కపెట్టే జబ్బు ఉంది. మేకల మందను, బడి మెట్లను, మా బాపు తల్లి బాపమ్మ దగ్గును లెక్కపెట్టేదాన్ని. అందుకే బాపు నన్ను ఊరి లెక్కలు రాసే మనిషి పేరుతో "మా పట్వారీ" అని పిలిచేవాడు. తిత్తి గుంజుతూ ఊరికే ఉండలేక గుంజుళ్లను లెక్కపెట్టాను. కోతల కాలంలో అన్నీ ఒకే కొలత కొడవళ్లు, ఒకే తుమ్మబొగ్గు. నల్లటి కొడవలి నిప్పుల్లో పెట్టినప్పటి నుంచి బాపు "ఆపు" అనే దాకా డెబ్బై గుంజుళ్లు. ఒక్కోసారి అరవై ఎనిమిది, ఒక్కోసారి డెబ్బై రెండు. అంతకు మించి తేడా వచ్చేది కాదు. ఈ లెక్క నేను ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

చెప్పకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. కొలిమి అంచున బూడిదలో నేను మక్కకంకులు పెట్టేదాన్ని. కంకి కాలుతున్న వాసన వస్తే కళ్లు అటు పోయేవి, చేయి నెమ్మదించేది. అమ్మ సమ్మెట పిడితో నా వీపు మీద తట్టి, "కంకికి ఊదుతన్నవా, కొడవలికి ఊదుతన్నవా?" అనేది. కంకి కాలాక మొదటి వరస గింజలు బాపమ్మకు లంచం. బాపమ్మకు నాలుగే పళ్లు. అయినా మొత్తం వరస తినేది.

ఆ యేడు వానలకు తాటాకు కుళ్లిపోయింది. దసరా ముందు ఒక నిప్పురవ్వ ఎగిరి కప్పు ఒక మూల అంటుకుంది. తొట్టిలోని నీళ్లు కుమ్మరించి ఆర్పాం. భూపాలపల్లిలో బొగ్గుబావిలో పనిచేసే మా మామకు, అంటే మా అమ్మ అన్నకు, ఈ సంగతి తెలిసింది. దసరా వెళ్లిన మూడో రోజు ట్రాక్టర్ మీద ఎనిమిది ఇనుప రేకులు వేసుకుని దిగాడు. వాటితోపాటు పాలరంగు ప్లాస్టిక్ రేకు ఒకటి తెచ్చాడు.

"గిదెందుకు బావా?" అని బాపు అడిగాడు.

"ఎలుతురుకు. మీరు గబ్బిలాల లెక్క బతుకుతున్నరు. మా చెల్లె మొఖం నాకు కనవడాలె గద?" అన్నాడు మామ.

కప్పు రెండు మూరలు పైకి లేచింది. పాలరేకు సరిగ్గా కొలిమి మీదికి వచ్చింది. మొదటి రోజు లోపలికి వచ్చిన ఎండను చూసి మేమందరం కాసేపు పని మానేశాం. గోడకు ఎన్ని బీటలున్నాయో అప్పుడే తెలిసింది, ఇరవై ఆరు. ఆ రోజు అమ్మ సర్వపిండి చేసింది, ఊళ్లో నలుగురిని పిలిచి పెట్టింది. "మా అన్న ఏపిచ్చిన రేకులు," అని ఒక్కొక్కరికీ రెండేసి సార్లు చెప్పింది.

బాపు అందరికంటే ఎక్కువ సంబరపడ్డాడు. దానికి కారణం ఉంది. అంచును నీళ్లలో ముంచాక పని అయిపోదు. అంచు గాజులాగా పెళుసు అవుతుంది. అప్పుడు దాన్ని ఇటుకతో రుద్ది మెరుగు తెస్తే, వెనక వీపులో మిగిలిన వేడి మెల్లగా అంచుకు పాకుతుంది. మెరుగు మీద వరిగడ్డి రంగు వస్తుంది, తర్వాత బెల్లం రంగు, తర్వాత వంకాయ రంగు. బెల్లం దాటి వంకాయ మొదలయ్యే చోట కొడవలిని పూర్తిగా నీళ్లలో వదిలెయ్యాలి. తాటాకు చీకట్లో ఈ రంగులు చూడటానికి బాపు ప్రతిసారీ పట్టకారుతో గుమ్మం దాకా ఉరికేవాడు. ఇప్పుడు నిలబడ్డ చోటనే అద్దంలా కనపడుతున్నాయి.

"బావకు దండం పెట్టాలె," అన్నాడు. "గడ్డిరంగు గిట్ల కనవడితే ఇగ కండ్లద్దాలతోని పనేంది?"

అందుకే ఎవరికీ వెలుతురు మీద అనుమానం రాలేదు.

రేకులు వేసిన రెండో రోజే నా లెక్క మారింది. డెబ్బై దాటింది, ఎనభై దాటింది, తొంభై ఐదు దగ్గర బాపు "ఆపు" అన్నాడు. తర్వాతి కొడవలికి తొంభై మూడు. నాకు భయం వేసింది. కంకుల మీద ధ్యాసతో నా చేయి సల్లబడిందని అనుకున్నాను. చెబితే కంకులు బంద్ అవుతాయి. గట్టిగా గుంజి చూశాను. అయినా తొంభై దాటింది. నోరు మూసుకున్నాను.

కోతలు మొదలయ్యాయి. మా దిక్కు ఒక పద్ధతి ఉండేది. చేనులో కొడవలి విరిగితే ఆ ముక్కలను ఇంటికి తీసుకుపోరు. నేరుగా కొలిమికి వచ్చి గడప మీద పెట్టి, మాట్లాడకుండా వెళ్లిపోతారు. కమ్మరి తన చేత్తో వాటిని ఎత్తాకనే అన్నం ముట్టాలి. అంతకుముందు మా గడప మీద యేడాదికి ఒకటో రెండో. అవి కూడా రాయికి తగిలి విరిగినవి.

ఆ యేడు కోతల మూడో రోజు ఒకటి వచ్చింది. నాలుగో రోజు రెండు. వారం తిరిగేసరికి నలభై కొడవళ్లలో పదకొండు విరిగాయి. ఒకామె బొటనవేలు తెగింది. బాపు ప్రతి సాయంత్రం గడప దగ్గర వంగి ముక్కలు ఎత్తేవాడు. విరిగిన చోటు ఎండకు పెట్టి చూసేవాడు. మంచి కొడవలి విరిగితే లోపల పిడక బూడిదలాగా మెత్తటి బూడిదరంగు ఉంటుంది. వీటి లోపల దొడ్డుప్పు.

ఎనిమిదో రోజు కోతల ముఠా పెద్ద వచ్చింది. ఆమె చేతి కింద ముప్పై మంది ఆడవాళ్లు కోతకు పోయేవారు. బాపు కంటే పదేళ్లు పెద్దది. ముక్కలు పెట్టడానికి రాలేదు, గడప మీదనే కూర్చుంది.

"తమ్మీ, నీ అయ్య చేసిన కొడవలి నా పెండ్లినాడు నా చేతుల పెట్టిన్రు. ఇరవయ్యేండ్లు కోసిన. గిప్పుడేమైంది నీ చేతికి?"

బాపు తల ఎత్తలేదు. "సూస్తున్న అక్కా."

"ఎంతకాలం సూస్తవు? గా పిల్ల ఏలు తెగింది. కింది దిక్కు పొలాలు ఎనిమిది రోజులల్ల కోతకొస్తయి. అండ్ల గిట్లనే ఇరిగినయనుకో, ముప్పై మందిని దీస్కొని పట్నం పోత. దుకాండ్ల మిషన్ కొడవండ్లు అమ్ముతున్నరట. ఒక్కసారి గవి అలవాటైతే మల్ల నీ కొలిమి దిక్కు ఎవ్వలు రారు. నాకు గూడ అది ఇష్టం లేదు. చెప్పుతున్న."

ఆమె వెళ్లిపోయింది. ఊరు మా కొడవలిని వదిలేస్తే నాగలి కర్రును, గొడ్డలిని కూడా వదిలేస్తుంది. అది బాపుకు తెలుసు, అమ్మకు తెలుసు. వాళ్లిద్దరి మొహాలు చూసి నాకూ తెలిసింది.

ఆ తర్వాత ఇంట్లో తలా ఒక వైద్యం. బాపమ్మ దిష్టి అంది. కొత్త రేకులు చూసి ఊరంతా కళ్లు పెట్టిందని దూలానికి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టింది. కురవి వీరభద్రుడికి మొక్కుకుంది. అమ్మ కమాను పట్టీలు అమ్మిన పాత ఇనుము వాడిని తిట్టింది. బాపు వేరే లారీ పట్టీ తెచ్చి మూడు కొడవళ్లు కొట్టాడు. ఒకటి అంచుకు రంపపు పళ్లలాంటి కక్కులు కొడుతుండగానే విరిగింది. ఇంకోటి మర్నాడు గడప మీదికి వచ్చింది. తర్వాత నీళ్ల మీద అనుమానం వచ్చి తొట్టి కడిగి, వాగు నుంచి కొత్త నీళ్లు తెప్పించాడు. పదిహేడు బిందెలు. నేనూ అమ్మా మోశాం. ఆ నీళ్లలో ముంచిన కొడవలి ఇనుప దిమ్మె మీద కొడితే టక్కున విరిగిపోయింది.

"వాగు నీళ్లకు గూడ దిష్టి తాకిందా అత్తా?" అంది అమ్మ, కోపంతో.

"మీ అన్న రేకులు దెచ్చినప్పుడు గుమ్మడికాయ కొట్టుమన్న. ఇన్నవా?" అంది బాపమ్మ.

ఎనిమిది రోజుల్లో నాలుగు ఇలాగే పోయాయి. ఐదో రోజు బాపు అన్నం ముందు కూర్చుని తినకుండా పచ్చిపులుసులో వేలు తిప్పుతున్నాడు. ఆ వేలిని చూస్తే నాకు ఏడుపొచ్చింది.

"బాపూ, తప్పు నాది," అన్నాను.

"ఏం తప్పు బిడ్డా?"

"తిత్తి మెల్లగ గుంజుతున్న. కంకులు పెట్టుకొని. డెబ్బై గుంజుళ్లకు కాలేటి కొడవలి ఇప్పుడు తొంభై ఐదుకు కాల్తంది. నా చేతులు సల్లవడ్డయి. సెగ సాలక ఇరుగుతున్నయి."

అమ్మ నోట్లో ముద్ద పెట్టుకోబోయి ఆగింది. "నీ చేతులా? పొద్దున రెండు బిందెలు ఒక్కసారి ఎత్తినవు గదనే."

బాపు మాత్రం నవ్వలేదు. "మల్ల చెప్పు. ఎంత?"

"డెబ్బై. గిప్పుడు తొంభై ఐదు."

"నీకెట్ల తెలుసు?"

"లెక్కపెడ్త."

"దినాం?"

"దినాం."

"ఎప్పటిసంది పెరిగింది?"

"రేకులేసిన తెల్లారి నుంచి."

ఆయన చేయి కడుక్కుని లేచాడు. కప్పు ఎత్తు పెరిగింది కాబట్టి పక్కల నుంచి గాలి జొరబడి సెగ పోతోందని మొదట అనుకున్నాడు. తప్పేమీ లేదు, నేనైనా మొదట అదే అనుకుంటాను. పక్కలకు గోనెసంచులు కట్టాడు. నన్ను పక్కకు జరిపి తనే తిత్తి అందుకున్నాడు, పట్టకారు అమ్మకిచ్చాడు. నన్ను లెక్కపెట్టమన్నాడు. నా జన్మలో మొదటిసారి నా లెక్కకు పని దొరికింది. బిగ్గరగా లెక్కపెట్టాను. పండుమిరప రంగు వచ్చేసరికి తొంభై నాలుగు.

"సేతులది గాదు," అన్నాడు బాపు. "గాలిది గూడ గాదు."

ఇంకో కొడవలి పెట్టాడు. ఈసారి తిత్తి నాకిచ్చి, పట్టకారు తను పట్టుకున్నాడు. అప్పుడు సముద్రం దిక్కున తుఫాను ఉందని రేడియోలో చెబుతున్నారు. మా దగ్గర వాన లేదు, అప్పుడప్పుడు మబ్బు ముద్దలు మాత్రం పోతున్నాయి. అరవై గుంజాను. అరవై ఐదు. నిప్పుల్లో కొడవలి ఇంకా ఎండుమిరపలాగా, మసగ్గా ఉంది. డెబ్బై. డెబ్బై ఒకటి.

ఒక మబ్బు వచ్చి ఎండను కప్పింది. లోపల నీడ పడింది. నిప్పుల్లో ఉన్న కొడవలి పండుమిరపకాయ అయింది.

నా చేయి ఆగిపోయింది. ఎవరూ ఊదలేదు, ఎవరూ కదపలేదు. బాపు కొడవలిని పైకి తీశాడు. నిండు ఎరుపు. అంతలో మబ్బు దాటింది, పాలరేకు మీద ఎండ పడింది. ఆ ఎరుపు మా కళ్ల ముందే మాసిపోయి మళ్లీ ఎండుమిరప అయింది. అంత తొందరగా ఏ ఉక్కూ చల్లారదు.

"పట్వారీ, ఎన్ని?" అన్నాడు బాపు, రేకు దిక్కు తలెత్తి.

"డెబ్బై ఒకటి."

ఆయన పట్టకారు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. నాకు అర్థమైంది, అమ్మకు కూడా. ఇన్నేళ్లు ఆయన పండుమిరప అన్నది చీకట్లో కనిపించే పండుమిరప. ఈ వెలుతురులో అదే రంగు కనిపించాలని ఆగుతున్నాడు. ఆగిన ఆ ఇరవై ఐదు గుంజుళ్లలో ఉక్కు మోదుగుపువ్వు అయి, లోపల గల్లుగల్లుగా మారిపోతోంది. ఇప్పుడైతే డిగ్రీల్లో చెప్పగలను. వంద డిగ్రీల పైనే ఎక్కువ కాలుస్తున్నాడు.

అమ్మ మొహం మారింది. "అంటే? మా అన్న రేకుదా తప్పు?"

బాపు కొడవలిని తొట్టి గట్టు మీద పెట్టాడు.

"తాటాకు అంటుకున్ననాడు మీ అన్నదమ్ములు ఎవ్వలన్న వచ్చిన్రా? మా అన్ననే గద వచ్చింది. ఊరందరికి సర్వపిండి పెట్టి చెప్పుకున్న. ఇప్పుడు మా అన్న రేకుతోని కొడవండ్లు ఇరుగుతున్నయని చెప్పుకోవాల్నా?"

"రేకుది తప్పు గాదు," అన్నాడు బాపు మెల్లగా. "రేకు కింద నిలవడి పాత కండ్లతోని సూసిన నాది తప్పు. గడ్డిరంగుకు గీ రేకే మంచిది. కాల్చుడుకు శీకటి గావాలె. రెండు గావాలె మనకు."

అమ్మ కొంచెం తగ్గింది. "రేకు ఊడదీయొద్దు మరి."

"ఊడదీయ. జరుపుత."

జరపడానికి రోజు పడుతుంది. అప్పటికి నన్ను పైకి ఎక్కించారు, అందరికంటే తేలిక నేనే. నాలుగు గోనెసంచులు పరిచి పైన రాళ్లు పెట్టాను. లోపల మళ్లీ తాటాకు చీకటి దిగింది. బాపు ఒక కొడవలి కాల్చాడు. డెబ్బైకి "ఆపు" అన్నాడు. అంచు ముంచి, ఇటుకతో రుద్ది, గడ్డిరంగు చూడటానికి పట్టకారుతో గుమ్మం దిక్కు ఉరికాడు. అలవాటు తప్పింది కదా, అడ్డంగా బాపమ్మ వచ్చింది.

"నన్నుగూడ కాలుస్తవారా?" అని బాపమ్మ కేక. బాపు నవ్వాడు. పది రోజుల్లో అదే మొదటి నవ్వు.

చల్లారాక ఆ కొడవలిని దిమ్మెకు తన్నిపెట్టి వంచాడు. వంగింది. వదిలితే లేచింది. మళ్లీ వంచాడు, మళ్లీ లేచింది. మూడోసారి దాన్ని కావాలనే సందులో బిగించి, అమ్మ సమ్మెటతో నాలుగు దెబ్బలు వేస్తే అప్పుడు విరిగింది. లోపల పిడక బూడిద. ఆ ముక్కను బాపు నా చేతిలో పెట్టాడు. ఇంకా వెచ్చగా ఉంది.

మిగిలింది మూడు రోజులు. ఊళ్లో ఉన్న మా కొత్త కొడవళ్లన్నీ చెడ్డవే. అమ్మ వెళ్లి ముఠా పెద్దను అడిగింది, నేను వెంట పోయాను.

"అన్ని ఒక్కసారి ఇయ్యుమంటున్నవు. రేపటి కోత గోర్లతోని కొయ్యాల్నా?" అంది ఆమె.

"రేపొక్కనాడు పాతయితోని ఎల్లదీయి వదినే. ఎల్లుండి నీ చేతుల పెడ్త."

"ఏందట కారణం?"

అమ్మ ఒక్క క్షణం నన్ను చూసి, "ఎలుతురు ఎక్కువైంది," అంది. మామ పేరెత్తలేదు. ఆమెకు అర్థం కాలేదు, అయినా కొడవళ్లు ఇప్పించింది.

ఇరవై తొమ్మిది కొడవళ్లు. చెడిన ఉక్కు మళ్లీ బాగుపడుతుంది. ఒక్కొక్కటి పండుమిరప దాకా కాల్చి, నీళ్లలో ముంచకుండా గాలికి ఆరబెట్టాలి, అలా మూడుసార్లు. లోపలి గల్లు నలిగి మెత్తబడుతుంది. నాలుగోసారి కాల్చి నీళ్లలో ముంచాలి. ఈ సంగతి బాపుకు వాళ్ల నాయన నేర్పాడు. ఎందుకో చెప్పలేదు, ఎన్నిసార్లో మాత్రం చెప్పాడు. ఇరవై తొమ్మిది కొడవళ్లు నాలుగుసార్లు, నూట పదహారు. ఒక్కోదానికి డెబ్బై. నా లెక్క ఎనిమిది వేలు దాటింది. రెండో రోజు పొద్దుగూకే వేళకు నా అరచేతుల్లో బొబ్బలు పగిలాయి. అమ్మ వాటికి ఆముదం రాసి గుడ్డ కట్టింది. ఆ రెండు రోజులు బూడిదలో నేను ఒక్క కంకి కూడా పెట్టలేదు. బాపమ్మే తెచ్చి పెట్టింది. కాలాక వలిచి నా నోట్లో పోసింది, మొదటి వరసతో సహా.

మాట ఇచ్చిన రోజున ముఠా పెద్ద వచ్చింది. ఒక కొడవలి తీసుకుని వీపు మీద గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంది.

"టింగుమంటంది. గని ఇరిగినయి గూడ టింగుమనే అన్నయి తమ్మీ."

"అన్నయి," అని ఒప్పుకున్నాడు బాపు.

"రేపే కింది దిక్కు పొలాలు. ఇరిగితే గడప మీద పెడతం. ఒక్కటి పెట్టినా సరే, మర్నాడు పట్నం బస్సు ఎక్కుతం."

"సరే అక్కా."

ఆమె కొడవలిని నడుముకు చెక్కుకుని వెళ్లింది. మిగిలినవి ఆమె మనుషులు పంచుకుపోయారు.

ఇప్పుడు ఆ పొలాల్లో కోత మిషన్లు తిరుగుతాయి. ముప్పై మంది ఒక పూట కోసేది ఒక మిషన్ కాసేపట్లో కోసి గట్టు మీద వడ్లు పోస్తుంది. అది మంచిదే, ఆ వంగిన నడుములు నేను చూశాను కాబట్టి చెబుతున్నాను. కొలిమి ఉన్న చోట ఇప్పుడు ఎవరివో సెంట్రింగ్ చెక్కలు పేర్చి ఉన్నాయి. అయితే మా కొలిమిని ఆ యేడు పట్నం కొడవలి మూయలేదు. దాని తర్వాత బాపు చేతులు వణికే దాకా, ఇంకా పంతొమ్మిది కోతలు చూసింది. కొలిమి మీద ఇనుప రేకు, తొట్టి మీద పాలరేకు. మా మామ వచ్చినప్పుడల్లా తొట్టి దగ్గర నిలబడి, "మంచి జాగల పెట్టిన్రు," అనేవాడు.

ఆ కోత రోజు మాత్రం నాకు నిమిషాలతో సహా గుర్తుంది. బాపు కొలిమి రాజెయ్యలేదు. గడపకు ఎదురుగా దిమ్మె మీద కూర్చున్నాడు. అమ్మ పెట్టిన అన్నం ముట్టలేదు. గడప మీద ముక్కలు పడితే ఎత్తాకే తినాలి కదా, ముందే ఎందుకు తినడం అన్నాడు. పొద్దు నెత్తి మీదికి వచ్చింది. కింది దిక్కు నుంచి ఆడవాళ్ల పాట వినిపిస్తోంది. పాట ఆగితే బాపు తల ఎత్తేవాడు. నీళ్లు తాగడానికి ఆగారు. అన్నాలకు ఆగారు. మళ్లీ మొదలైంది. ఒక మేకపిల్ల వచ్చి గడప వాసన చూసి పోయింది. బాపమ్మ జపం చేస్తున్నట్టు పెదవులు కదుపుతోంది. నేను గుమ్మం పక్కన కూర్చుని దారి చూస్తున్నాను.

పొద్దు గూకుతుంటే పాట ఆగింది. ఆడవాళ్లు వరసగా మా ముందు నుంచే ఇళ్లకు పోయారు. ముప్పై మంది నడుముల్లో కొడవళ్లు. ముఠా పెద్ద అందరికంటే చివర వచ్చింది. మా దిక్కు చూడలేదు. పక్కనున్నామెతో ఇంటికి పోయి ఏం కూర వండాలో మాట్లాడుకుంటూ పోయింది.

దారి ఖాళీ అయ్యాక బాపు నన్ను పిలిచాడు.

"పట్వారీ, ఎన్నొచ్చినయి?"

"ఒక్కటి గూడ రాలే బాపు."

ఆయన గడప దిక్కు చూశాడు. మళ్లీ నా దిక్కు చూశాడు.

"జర మల్లొక్కసారి లెక్కపెట్టు బిడ్డా," అన్నాడు.

నేను లేచి వెళ్లి, ఆ ఖాళీ గడప ముందు కూర్చుని, ఈ చివర నుంచి ఆ చివర దాకా చేత్తో తడుముతూ మళ్లీ లెక్కపెట్టాను.